చిన్నాయన నా చేతికి స్టీరింగు ఇచ్చిన పొద్దు

పోయిన చలికాలంలో మా చిన్నల్లుడు కొత్త కారు కొన్నాడు. కొన్న సంబరంలో "అత్తా, మిమ్మల్ని మీ పుట్టినూరికి తీసుకపోతా రాండి" అని కదిరి నుంచి బయలుదేరదీశాడు. మా ఊరు తనకల్లు పోయే దారిలో, తనకల్లుకు ఇవతలే. ఆ కాలంలో మా పక్క రోడ్లకు రెండు పనులుంటాయి. బండ్లు పోవడం ఒకటి, ఉలవలు నూర్చడం ఇంకొకటి. చేలో ఉలవచెట్లు పెరికి, ఎండబెట్టి, తెచ్చి తారురోడ్డు మీద మందంగా పరుస్తారు. వచ్చేపోయే బస్సులూ లారీలూ తొక్కి తొక్కి కాయలు పగలగొడతాయి. ఆ ఎండుచెట్లనే మా పక్క కట్టె అంటారు. పొద్దు వాలేటప్పటికి కట్టె ఎత్తి పక్కన వేసి, కింద రాలిన ఉలవలు ఊడ్చి, గాలికి తూర్పారబడితే పని అయిపోయినట్టే. ఎద్దులు లేనివాళ్ళకు రోడ్డే కళ్ళం. ఎవరి బండి తొక్కినా కూలి అడగదు. మా అల్లుడిది పెన్న అవతల ఊరు, ఈ వ్యవహారం తెలియదు. రోడ్డంతా కట్టె పరిచి ఉండటం చూసి కారు నెమ్మది చేసి, "దీని మీద ఎక్కించల్లనా అత్తా? వాళ్ళ పంట తొక్కినట్టయితాదేమో" అన్నాడు. "తొక్కల్లనే గదా నాయనా పరిచింది, పోనీ" అన్నాను. అన్నానో లేదో, కట్టె మధ్యలోకి పోయేసరికి కారు కడుపు కింద గర్రున గీసుకుపోయిన చప్పుడు. నా అరికాళ్ళకు తగిలింది అది. చెవులకంటే ముందు కాళ్ళకు తెలిసింది.

"ఆపు నాయనా" అన్నాను.

"ఏం కాలేదత్తా. ఏమన్నా అయింటే ఈడ లైటు వెలుగుతాది. చూడండి, ఏ లైటూ రాలేదు" అన్నాడు ముందున్న అద్దం బిళ్ళ చూపించి.

"లైటు రాకుంటే రాయి తగల్లేదనేనా? సరే, ఆపద్దులే. ముందర రోడ్డు నేరుగా ఉండాది, ఎవురూ రావడం ల్యా. మెల్లగా పోతా, స్టీరింగు మీద చేతులు రవంత వదులు చెయ్యి. వదిలిపెట్టొద్దు, వదులు చెయ్యి. యా పక్కకి పోతాదో చూద్దాం."

అల్లుడు నా మొహం ఒకసారి చూసి, అత్తగారి మాట ఎందుకు కాదనాలని వదులు చేశాడు. కారు ఉన్నట్టుండి రోడ్డు వదిలి ఎడమ పక్క తుమ్మచెట్ల దిక్కు మళ్ళబోయింది. అప్పుడు గానీ అతను బండి పక్కకు తీసి ఆపలేదు. నేను దిగి, చక్రాల వెనక రాళ్ళు పెట్టించి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. "నేను దీన్ని ఆ పక్కకూ ఈ పక్కకూ ఆడిస్తాంటా, నువ్వు కిందికి పండుకోని చూడు. నేను తిప్పగానే చక్రం కదలల్ల. చక్రం కదిలే ముందర మధ్యలో ఏదన్నా ఎగిరితే చెప్పు" అన్నాను. పాపం, ఇస్త్రీ చొక్కాతో పడుకున్నాడు మనిషి. రోడ్డు పక్క ఉలవలు ఊడుస్తున్న ఆడవాళ్ళు చీపుర్లు పక్కన పెట్టి మరీ చూశారు. "ఓయమ్మా, అత్త కారు తోల్తాంది, అల్లుడు కింద పండుకున్నాడు, ఇదేం సంసారమో" అని ఒకామె అంటే తక్కినవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

కింద ఏమీ ఎగరలేదు. రాయి గీసుకుని అడుగున ఉండే ప్లాస్టికు రేకు చిరిగింది, దాని సందున ఇంత ఉలవకట్టె చుట్టుకుని ఉంది. అంతే. చక్రాలు రవంత వరస తప్పాయని, ఒక పూటలో సరిచేయవచ్చని తరవాత తనకల్లులో మెకానిక్కు చెప్పాడు. మా అల్లుడు దుమ్ము దులుపుకుంటూ లేచి, "అయ్యిందత్తా, దిగండి" అన్నాడు. నేను దిగలేదు. నా చేతులు ఆ స్టీరింగును పట్టుకుని వదలడం లేదు. "ఏమత్తా, కారుకేం కాలేదు గదా, ఏడ్చేదెందుకు?" అన్నాడు కంగారుగా. ఉలవ దుమ్ము కళ్ళలో పడిందని చెప్పాను. ఉలవ దుమ్ము మంట పెడుతుంది, అబద్ధమేమీ కాదు.

నాకు ఈ విద్య నేర్పింది మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు. ఆయనకు పాలు మరిచే వయసులో తల్లి పోయింది. కొత్తకోడలుగా వచ్చిన మా అమ్మ చంకకు ఆయన ఎక్కాడు. నేను పుట్టేదాకా ఆ చంక ఆయనదే. నేను పుట్టాక కూడా చాలాకాలం ఆయనదేనని మా ఊళ్ళో ముసలమ్మలు నవ్వేవారు. పెద్దవాడయ్యాక కూడా వదిన కలిపి పెడితే తప్ప సంగటి ముద్ద దిగేది కాదు. కదిరిలో ఒక షెడ్డులో చేరి పని నేర్చుకుని, ఎన్నో చేతులు మారిన ఒక పాత అంబాసిడర్ కారు తెచ్చి బాడుగలకు తిప్పడం మొదలుపెట్టాడు. పెళ్ళిళ్ళకు, పుట్టపర్తి పోయేవాళ్ళకు, కాన్పులకు ఆ కారే గతి. మా ఇంటి ముందర వేపచెట్టు కింద నిలబెట్టేవాడు. కోళ్ళు దాని కింద చల్లగా పడుకునేవి. పొద్దున్నే కారు కదిలించే ముందు మా అమ్మ కోళ్ళను అదిలించాలి, లేకుంటే చిన్నాయన కారు ఎక్కడు. "నీకు పెండ్లెందుకబ్బీ, దీని మూతి తుడిచేదానికే నీ పొద్దు సాల్దు" అనేది అమ్మ. "దీనికి నోరు ల్యాదు వదినా, అదే దీంట్లో సుఖం" అనేవాడు ఆయన. అని, చెయ్యి అందనంత దూరం పరిగెత్తేవాడు.

నోరు లేదని అన్నాడు గానీ, కారు మాట్లాడుతుందని చెప్పింది కూడా ఆయనే. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. పేడ ఎత్తడం, మేకలకు ఆకు తేవడం అయిపోతే నాకు వేరే పని ఉండేది కాదు. చిన్నాయన కారు కింద పడుకున్నప్పుడల్లా నన్ను సీట్లో కూర్చోబెట్టేవాడు. మా పక్క దారులు ఏం దారులు? వంకలే దారులు. వానలు లేక ఎండిపోయిన వంకల్లో ఇసకా గుండ్లూ తొక్కుకుంటూ పోవాలి. రోజూ ఏదో ఒక గుండు కారు అడుగున తగులుతూనే ఉండేది. తగిలినప్పుడు భయపడి బ్రేకు తొక్కడం తప్పని, ముందు కారును మాట్లాడనివ్వాలని చెప్పేవాడు. చేతులు వదులు చేస్తే ఏ పక్కకు లాగుతుందో చూడాలి. నేరుగా పోయేటప్పుడు స్టీరింగు నేరుగా ఉందా, పక్కకు తిరిగి ఉందా చూడాలి. అది వంకరగా కూర్చుంటే కింద ఏదో వంగిందన్నమాట. చేతులకు సన్నని వణుకు వస్తుందా, మలుపు తిప్పితే టక్కుమంటుందా వినాలి. ఇవన్నీ అయ్యాక ఆఖరున చేసే పని ఒకరివల్ల కాదు, ఇద్దరుండాలి. ఒకరు పైన స్టీరింగు పట్టుకుని రవంత ఇటు రవంత అటు ఆడించాలి, ఇంకొకరు కింద పడుకుని చూడాలి. స్టీరింగు నుంచి ముందు చక్రాలకు ఒక ఇనుప కడ్డీ పోతుంది. దాన్ని టైరాడ్డు అనేవాడు. దాని కొసన గుండ్రని కీలు, కీలుకు నట్టు, నట్టు ఊడిపోకుండా అడ్డం ఒక పిన్ను. పైన తిప్పగానే కింద చక్రం కదిలితే మంచిది. చక్రం కదిలే ముందు కీలు దగ్గర కడ్డీ ఎగిరిపడితే ప్రాణాపాయం. "మనిషి భుజం ఊడినట్టు పాపా. చెయ్యి ఉంటాది గానీ చెప్పిన మాట వినదు" అనేవాడు. నేను ఆడిస్తుంటే కింద నుంచి "ఊ... ఇంగో పక్క... ఊ..." అని ఆయన గొంతు వినిపించేది. ఊయలలో బిడ్డకు ఊ కొట్టినట్టుండేది. "ఆడపిల్లకు పిండి పిసకడం నేర్పమంటే దీన్ని పిసకడం నేర్పుతాండావా" అని అమ్మ చేటతో వచ్చేది.

మా అమ్మ గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా ఆమెకు నిద్ర పట్టదు. ఒకసారి బొంత కుట్టే సూది పోతే వారం రోజులు దాని మాటే. దూలం మీద చూసింది, గొడ్ల గాడిలో చూసింది, పొరుగామె బొంత విప్పి చూసింది. చివరికి ఆ సూది ఆమె రవికకే గుచ్చుకుని ఉందనుకోండి. కోడిపెట్ట కాలికి కట్టే పేలిక పోయినా "నా పేలిక యాడ పాయ?" అని వీధి వీధంతా అడిగేది. మా నాయన ఆ గొడవలోంచి తప్పించుకోవడానికి చేనికి పోయేవాడు. మా ఊరి చేలో పనిలేని రోజుల్లో కూడా ఆయన చేనికి పోయాడంటే ఇంట్లో ఏదో పోయిందన్నమాట.

ఒక ఏడు ఉలవలు పండాయి. పండాయంటే వేరుశనగ ఎండిపోయింది, ఆఖరి అదనులో చల్లిన ఉలవలు మాత్రం నిలబడ్డాయని అర్థం. చిన్న తమ్ముణ్ణి పొరుగామె దగ్గర వదిలి, ఊరి బయట రోడ్డు మీద మా నాయన, అమ్మ, నేను కట్టె పరిచాం. ఆ రోజు బస్సులన్నీ ఒకే జాడన పోతున్నాయి. నలిగిన చోటే నలుగుతోంది, అంచున ఉన్న కట్టె నలగకుండా అట్లాగే పడి ఉంది. అలాంటప్పుడు మా పక్క చేసే పని ఒకటుంది. నలిగిన జాడలో ఒక రాయి పెడతారు. డ్రైవరు దాన్ని తప్పించుకోవడానికి నలగని కట్టె మీదికి ఎక్కిస్తాడు. తిట్టుకుంటూ అయినా మన పని చేసిపోతాడు. అమ్మ ఇంటికి పోయి ఏదో నెత్తిన పెట్టుకుని వచ్చి రోడ్డు మీద దించడం దూరం నుంచి చూశాను. అదేమిటో చూడలేదు, మేకలు తుమ్మచెట్ల దిక్కు పోతుంటే వాటి వెంట పరిగెత్తాను. తరవాత నాయన పంగలకర్రతో కట్టె తిరగేసుకుంటూ వచ్చాడు. తిరగేసిన కట్టె ఆ రాయి మీద పడి మూసేసింది. అది ఆయన చూసుకున్నాడో లేదో తెలియదు. ఎందుకంటే కొంచెంసేపటికే ఆయన పంగలకర్ర పట్టుకునే కట్టె మీద కూలబడ్డాడు.

ఎదురొమ్ము పట్టుకుని, చెమటలు కారిపోతూ, "నీళ్ళు" అన్నాడు. అమ్మ అరుపులకు ఊళ్ళో నుంచి చిన్నాయన పరిగెత్తుకుంటూ వచ్చి, చూసి, మళ్ళీ పరిగెత్తి కారు తెచ్చాడు. నాయనను వెనక సీట్లో అమ్మ ఒడిలో పడుకోబెట్టారు. నేను ముందు ఎక్కాను. రమ్మని నన్నెవరూ అనలేదు, దిగమని కూడా అనలేదు. కారును కదిరి దిక్కు తిప్పుకుని మేం పరిచిన కట్టె మీదే పోవాలి. సరిగ్గా అప్పుడే ఎదురుగా లారీ వచ్చింది. చిన్నాయన పక్కకు కోశాడు. కారు కింద దడేలుమని ఒక చప్పుడు. మా అందరినీ ఎత్తి కుదేసింది. వెనక అమ్మ "అయ్యో" అని ఒక్క మాట అంది.

చిన్నాయన ఆగలేదు. చేతులు వదులు చేశాడు, నేను చూశాను. కారు ఎడమకు లాగింది. స్టీరింగు వంకరగా కూర్చుంది. అది వంకరగా ఉంటేనే కారు నేరుగా పోతోంది. చిన్న మలుపు దగ్గర కింద టక్కుమంది. ఆయన నన్ను చూశాడు. నేను ఆయన్ను చూశాను. కదిరి పోవాలంటే మధ్యలో చెరువు కట్ట ఎక్కాలి. నీళ్ళు చూడని చెరువే గానీ, కట్ట మాత్రం నిట్టనిలువుగా ఉంటుంది. దాని మీద పాములా మెలికలు తిరిగిన సన్న రోడ్డు, ఒక పక్క పల్లం, అడ్డం ఒక రాయైనా ఉండదు. కట్ట ఇంకా కొంత దూరం ఉందనగా చిన్నాయన కారు పక్కకు తీసి ఆపాడు.

"ఏమబ్బీ, యాల నిలిపితివి?" అంది అమ్మ.

"స్టీరింగు చెప్పిన మాట వినడం ల్యా వదినా. రవంత చూడల్ల."

"ఈడ మీయన్న పానం పోతాంటే నీకు కారు ఎక్కువాయనా? పోనీ! పోనీ అంటాండానా!"

"ఇట్లనే పోతే కట్ట మీద అందరం పోతాం వదినా."

"పోతే పోదాం, నువ్వు పోనీ!" అని అమ్మ ముందు సీటును గుద్దింది. ఆ గుద్దులు నా వీపుకు తగిలాయి. వేరే బండి ఏదైనా వస్తుందేమోనని చిన్నాయన రెండు దిక్కులా చూశాడు. రోడ్డంతా ఎండ తప్ప ఏమీ లేదు. అప్పుడు నాయన కళ్ళు తెరవకుండానే, "వాన్ని చూడనీయే" అన్నాడు. మా నాయన నోట నేను విన్న ఆఖరు మాట అదే.

చిన్నాయన స్టీరింగు ముందు నన్ను కూర్చోబెట్టి కిందికి పోయాడు. "ఆడించు పాపా." ఆడించాను. రవంత ఇటు, రవంత అటు. ఈసారి కింద నుంచి ఊ కొట్టలేదు. "ఆపు" అన్నాడు. వంగి చూస్తే చూపించాడు. కడ్డీ విల్లులాగా వంగింది. కొసన కీలు దగ్గర అడ్డంగా ఉండాల్సిన పిన్ను తెగిపోయి, నట్టు ఆఖరి మరల మీద వేలాడుతోంది. ఇంకొక్క గుంత పడి ఉంటే కడ్డీ ఊడిపోయేది. కట్ట మీద ఆయన చేతిలో ఉత్త చక్రం మిగిలేది. నట్టు బిగించాడు. పిన్ను లేదు. చుట్టూ వెతికి, చేని కంచెలోంచి తీగ తెంపి, రంధ్రంలో దూర్చి మెలిపెట్టాడు. చేతుల్లో నెత్తురు. పైన అమ్మ అరుపులు ఆగిపోయి, ఊరికే మూలుగుతూ నాయన తల నిమురుతోంది. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఉలవకట్టె కాలిన వాసన మాత్రం గుర్తుంది. కారు కింద వేడి గొట్టానికి చుట్టుకున్న కట్టె కమురుతోంది. ఇప్పటికీ మా ఇంట్లో ఉలవచారు తిరగమోత పెడితే నేను బయటికి వచ్చి నిలబడతాను.

వంగిన కడ్డీతోనే, నడిచినంత మెల్లగా కట్ట దాటించి, అవతల తోలగలిగినంత బిరబిరా తోలి, ఆసుపత్రికి చేర్చాడు. డాక్టరమ్మ నాయన నాడి పట్టుకుని చూసి, చెయ్యి వదిలేసి, "రవంత ముందు తెచ్చింటే ప్రయత్నం చేసేవాళ్ళం" అంది. ఆమె మామూలుగానే అన్న మాట. అక్కడికి వచ్చిన ఎంతమందికో అని ఉంటుంది. ఆ మాట మా ఊరికి మాకంటే ముందే చేరింది. అన్నను ఆసుపత్రికి తీసుకపోతూ దారిలో కారు రిపేరీ పెట్టుకున్నాడంట అని ఊరు ఊరంతా అంది. ఆయన మొహం మీదే అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆయన ఒక్కరికీ మారు చెప్పలేదు. మా అమ్మ మటుకు ఏమీ అనలేదు. నాయనను సాగనంపిన రోజు నుంచి ఆమె చిన్నాయనతో మాట్లాడటమే మానేసింది.

కర్మ కాకముందే ఒక పొద్దు చిన్నాయన నన్ను పిలుచుకుని రోడ్డు దగ్గరికి వచ్చాడు. మా కట్టె ఇంకా అక్కడే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. బస్సులు తొక్కి తొక్కి పొట్టు పొట్టు అయింది. కారు కింద చప్పుడు వచ్చిన చోటికి పక్కన, దెబ్బకు ఏదో దొర్లినట్టున్న అంచున, ఆయన కాలితో పొట్టు తోశాడు. కింద నల్లగా, గుండ్రంగా, మధ్యలో గుంత ఉన్న రాయి. మా ఇంటి పగిలిన రోటిలో సగం. మా అవ్వ కాలం నాటి రోలు అది. పగిలాక ఆ సగం ముక్కను అమ్మ వేపచెట్టు కింద పెట్టి కోళ్ళకు నీళ్ళు పోసేది. దాని అంచున కారు ఇనుము గీరుకున్న తెల్లని గీత, పక్కన గ్రీసు మరక. ఆ పొద్దున అమ్మ నెత్తిన పెట్టుకుని తెచ్చిందేమిటో నాకప్పుడు తెలిసింది. చిన్నాయన గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు ఆ రోటి గుంతలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నప్పుడు వదిన అందులో బెల్లమూ నువ్వులూ దంచితే వేలితో తీసుకుని తిన్న రోలు.

"మీ అమ్మకు చెప్పద్దు పాపా" అన్నాడు.

"నువ్వు చేసిందేం ల్యా గదా చిన్నాయనా. అందరూ నిన్నే అంటాండారు."

"అననీ. నామింద కోపముంటే ఆయమ్మ బతుకుతాది. తనమింద తనకు కోపమొస్తే బతకదు. నిన్నూ నీ తమ్ముణ్ణీ ఎవురు సాకల్ల?"

ఆ రాయిని భుజాన పెట్టుకుని చేని గట్టున ఉన్న మా పాత బావి దగ్గరికి పోయాడు. అది మా తాత తవ్వించిన బావి. నేను పుట్టక ముందే ఎండిపోయింది. అంచు మీద నుంచి వదిలాడు. నీళ్ళలో పడితే వచ్చే చప్పుడు వేరు. అది పొడి చప్పుడు.

తరవాత చిన్నాయన కారు అమ్మేశాడు. మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. తనకల్లులో షెడ్డు పెట్టుకుని ఇతరుల బండ్ల కింద పడుకునేవాడు. రిపేరు చేసిన బండిని తోలి చూడమంటే, "నువ్వు తోలప్పా, నేను పక్కన కూచ్చుంటా" అనేవాడు. పెళ్ళి చేసుకున్నాడు. మా వీధిలోనే చివరింట్లో కాపురం. మా అమ్మ మాట్లాడలేదు గానీ, సంగటి వండిన రోజున మొదటి ముద్ద ఆయనకే తీసేది. గిన్నెలో పెట్టి, పైన శనక్కాయల ఊరిబిండి వేసి, "ఆ ఇంట్లో ఇచ్చిరా పో" అని నా చేతికిచ్చేది. పేరు లేదు, వరస లేదు, ఆ ఇల్లు అంతే. ఆయన తిని, గిన్నె కడిగి, ఉత్త గిన్నె పంపకూడదని అందులో ఇన్ని శనక్కాయలో, రెండు సీతాఫలాలో, ఏమీ లేకపోతే ఇంత కరివేపాకో వేసి పంపేవాడు. "వదిన ఏమన్నా అన్యనా?" అని అడిగేవాడు నన్ను. "ఏమీ అన్లేదు చిన్నాయనా" అంటే తల ఊపేవాడు. నా పెళ్ళిలో వదినామరుదులు ఇద్దరూ పందిట్లో చెరొక మూల పని చేశారు. పంపేటప్పుడు నాకు ఏడుపు ఆగక, ఇప్పుడు చెప్పేద్దామని అమ్మ దిక్కు నడిచాను. అంత జనంలో చిన్నాయన నన్ను చూసి, వద్దని తల అడ్డంగా ఆడించాడు. రవంత ఇటు, రవంత అటు.

వాళ్ళ మధ్య ఒక్క మాట కలిస్తే చాలని ఎంత చూశానో. పండగలకు చూశాను, ఆయనకు బిడ్డ పుట్టినప్పుడు చూశాను, అమ్మకు విషజ్వరం వచ్చి ఆయన వాకిట్లో కూర్చుని లోపలికి రాకుండా పొద్దంతా కాచినప్పుడు చూశాను. కలవలేదు. చిన్నాయన ఊపిరితిత్తులు చెడిపోయి, మంచం పట్టి, ఒక ఎండాకాలం పొద్దున కన్నుమూశాడు. చివరి రోజుల్లో నేను పోతే, "వదిన సంగటి పంపిందా?" అన్నాడు. అప్పటికి ఆయనకు మింగుడు పడదు. అయినా అమ్మ పంపుతూనే ఉంది. గిన్నె తెరిచి వాసన చూసి మూత పెట్టమనేవాడు. కడిగిన గిన్నెలో ఏం పెట్టాలో తోచక, ఆఖరుసారి తన జేబులోని దువ్వెన వేసి పంపాడు. ఇంట్లో సూది పోతే వారం వెతికే మనిషి, ఆ దువ్వెనను కొంగున ముడేసుకుంది.

ఆయన పోయాక అమ్మ వచ్చింది. అప్పటికి కర్ర పట్టుకుని నడుస్తోంది. అందరూ జరిగి దారి ఇచ్చారు. శవం పక్కన కూర్చుని, ఆయన కుడి చెయ్యి తీసుకుని, అరచేతిలో కాయ కాసిన చోట బొటనవేలితో రుద్దింది. కొంగు ముడి విప్పి ఆ దువ్వెనతో ఆయన తల దువ్వింది. మాట మాత్రం లేదు. చచ్చిపోయినాక కూడా కోపం పోలేదే ఈ ముసల్దానికి అని నా వెనక ఎవరో గొణిగారు.

అన్నీ అయిపోయి చుట్టాలంతా వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం మా ఇంటి వేపచెట్టు కింద అమ్మా నేనూ శనక్కాయలు ఒలుస్తున్నాం. కోళ్ళు మా చుట్టూ తిరుగుతున్నాయి. ప్లాస్టికు డబ్బా కోసిన మూకుడులో నీళ్ళు తాగుతున్నాయి. అమ్మ వాటిని చూస్తూ, చేతిపని ఆపకుండా అంది.

"ఆ రోటిముక్క బాయిలో బోర్లా పడలేదు. ఎల్లకిలా పడింది. గుంత కనపడతాంటాది."

నేను ఆమె దిక్కు తిరిగాను.

"నీకెట్ల తెలుసమ్మా?"

"పోయి చూసొస్తాంటి. చేనికి పోయినప్పుడంతా." ఒక కాయ ఒలిచి గింజలు చేటలో వేసింది. "నేను పెట్టిన రాయి నాకు తెల్దా? కారు కింద సప్పుడు అయినప్పుడే తెలిసిపాయ. నేను ఆ పొద్దు పోనీ పోనీ అని అరిచింది వాని మింద కాదు."

అప్పుడు నాకు వెలిగింది. వేపచెట్టు కింద ఏళ్ళుగా ఉన్న రోటిముక్క మాయమైతే, కోడి పేలిక కోసం వీధి వీధంతా అడిగిన మా అమ్మ, ఆ ముక్క ఏమైందని ఒక్కనాడూ ఎవరినీ అడగలేదు. పెళ్ళయ్యేదాకా ఆమె పక్కనే ఉండి, అడగకపోవడాన్ని నేను వినలేదు. ఆ ఏడు తరవాత ఆమె ఉలవలు రోడ్డు మీద పరచలేదు కూడా. ఇంటి ముందరే కర్రతో కొట్టి రాల్చుకునేది. నాయన గుర్తొస్తాడని అనుకున్నాం మేమంతా.

"మరి ఒక మాట చెప్పింటే ఏమి? చిన్నాయన నీకు తెలియకూడదని, అంత మందితో మాటలు పడె గదా" అన్నాను.

"నాకు తెలీకూడదని గదా వాడు దాన్ని మోసకపోయి పారేసింది. తెలిసిందంటే వాడు పడిన మాటలన్నీ ఉత్తిగనే పడినట్టు గదా. ఇంగ వాని మొగం చూసి ఏం మాట్లాడినా నోట్లోంచి అదే వచ్చేటట్టుండె. అందుకని నోరు మూసుకుంటి. సంగటి అయితే మాట్లాడదు గదా" అంది. అని చేట ఎత్తి పొట్టు చెరిగింది. పొట్టు గాలికి కోళ్ళ మీద పడింది. ఆమె ఆ రోజు కూడా ఏడవలేదు. మరుసటి ఏడు తనూ పోయింది.

అల్లుడి కారు రాయికి గీసుకున్న ఆ పొద్దు, దాన్ని తనకల్లులో వదిలి మా అల్లుడూ నేనూ ఆటోలో ఊరికి వచ్చాం. అతను ఫోను మాట్లాడుతుంటే నేను చేని గట్టు వెంట బావి దగ్గరికి పోయాను. అంచున ముళ్ళు మొలిచాయి, పక్కకు తప్పించి వంగాను. ఉంది. ఎల్లకిలా పడి ఉంది. గుంతలో ఇన్ని ఎండుటాకులు. చిన్నాయన దాచాడు, అమ్మ దాచింది, మధ్యలో నేను దాచాను, బావి మాత్రం ఏమీ దాచలేదు. "ఏం చూస్తాండారత్తా, నీళ్ళుండాయా?" అని వెనక నుంచి అల్లుడు కేకేశాడు. లేవని చెప్పాను. కాలం గడిచేకొద్దీ అన్నీ అడుగుకు పోయి మునిగిపోతాయని మనల్ని మనం ఓదార్చుకుంటాం గానీ, మా పక్క బావుల్లో అడుగు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది.